మష్వరా గదిలో ఎవరున్నారు?

సరిహద్దులో ఏదైనా జరిగిందంటే ఆ రాత్రి మా డెస్కులో ఒక మాట తప్పకుండా తిరుగుతుంది: జాతీయ భద్రతా సలహాదారు. అదే రాత్రి ఫోన్‌లో ఉర్దూ అఖ్బార్ తెరిస్తే అక్కడ ఆయన ‘ఖౌమీ సలామతీ ముషీర్’. మనిషి ఒక్కడే, కుర్సీ ఒక్కటే. కానీ నాకు ఆ ‘ముషీర్’ అనే మాట దగ్గర బడి గుర్తొస్తుంది. మా అరబీ ఉస్తాద్ బోర్డు మీద షీన్, వావ్, రే అని మూడు హర్ఫులు రాసి, మష్వరా, షూరా, ముషీర్ మూడూ వీటిలోంచే పుట్టాయిరా అనేవారు. మష్వరా చెప్పేవాడు ముషీర్. మన ముషీరాబాద్ పేరులో ఉన్నదీ ఆ ముషీరే.

పోయిన నెల ఒక దోస్త్ అడిగాడు, ఈ జాతీయ భద్రతా మండలి ఎప్పుడు పుట్టిందని. 1998 అన్నాను. ‘మరి అంతకుముందు నాలుగు జంగులు జరిగాయి కదా, అప్పుడు ఎవరు ఎవరితో మష్వరా చేశారు?’ అన్నాడు. చాయ్ చల్లారిపోయింది గానీ జవాబు పూర్తి కాలేదు. ఆ మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

ఈ తారీఖ్ ఢిల్లీలో మొదలు కాదు, లండన్‌లో మొదలవుతుంది. 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో బోయర్ రైతులతో అంగ్రేజులు జంగ్ చేశారు. చివరికి గెలిచారు, కానీ గెలవడానికి పట్టిన కాలం, పోసిన డబ్బు చూసి వాళ్ళకే సిగ్గేసింది. ఫౌజు ఒక దారి, నౌకాదళం ఒక దారి, ఖజానా ఇంకో దారి. అందుకని 1902లో ప్రధాని బాల్‌ఫోర్ ‘కమిటీ ఆఫ్ ఇంపీరియల్ డిఫెన్స్’ అని ఒకటి పెట్టాడు. రెండేళ్ళకు దానికి ఒక సెక్రటేరియట్ ఇచ్చారు. నా దృష్టిలో అసలు సంగతి ఆ సెక్రటేరియట్టే. ఎందుకంటే ఆ రోజుల్లో బ్రిటిష్ క్యాబినెట్‌కు మినిట్స్ రాసే ఆచారమే లేదు. వజీర్లు కూర్చునేవాళ్ళు, మాట్లాడుకునేవాళ్ళు, లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ప్రధాని బాద్షాకు ఒక ఖత్ రాసేవాడు, అంతే. నిన్న ఏం తేల్చారో ఇవాళ ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకునేవాళ్ళు. 1912లో ఈ కమిటీకి సెక్రటరీ అయిన మారిస్ హాంకీ అనే నౌకాదళపు మనిషి, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1916 డిసెంబరులో, కమిటీలో తనకు అలవాటైన పద్ధతినే క్యాబినెట్‌లోకి తెచ్చాడు. ఎవరు ఏమన్నారు, ఏం ఫైసలా అయింది, ఎవరు అమలు చేయాలి అన్నది కాగితం మీద పెట్టాడు. ఇప్పుడు చిన్న పనిలా కనిపిస్తుంది. ఒక సల్తనత్ నడిచే తీరే దాంతో మారింది.

1938లో హాంకీ దిగిపోయాక ఆ కుర్సీలోకి వచ్చినవాడు హేస్టింగ్స్ ఇస్మే. నైనీతాల్‌లో పుట్టాడు, హిందుస్తానీ రిసాలాలో నౌకరీ చేశాడు, రెండో ప్రపంచ యుద్ధమంతా చర్చిల్ పక్కన ఉన్నాడు. 1947లో మౌంట్‌బాటన్ తన వెంట ఢిల్లీకి తెచ్చుకున్నాడు. విభజన వేళ, ఫౌజును, ఫైళ్ళను, కుర్చీలను కూడా పంచుకుంటున్న రోజుల్లో, కొత్త దేశానికి రక్షణ వ్యవస్థ నక్షా గీసినవాడు ఈయనే. పైన ప్రధాని ఉండే క్యాబినెట్ రక్షణ కమిటీ. దాని కింద రక్షణ మంత్రి కమిటీ. ఆ కింద మూడు దళాల అధిపతుల కమిటీ. వాటికి గూఢచారి సమాచారం వడపోసే ఉమ్మడి కమిటీ, ప్రణాళికల కమిటీ. అన్నింటికీ కాగితాలు రాసి, ఫైసలాలు గుర్తుపెట్టుకునే మిలిటరీ విభాగం క్యాబినెట్ సచివాలయంలో. లండన్ దర్జీ కుట్టిన షేర్వానీ అనుకోండి. కొలతలు మాత్రం ఢిల్లీవి తీసుకున్నాడు.

అదే ఏడాది జూలై 26న వాషింగ్టన్‌లో ట్రూమన్ జాతీయ భద్రతా చట్టం మీద దస్తఖత్ చేశాడు. పెర్ల్ హార్బర్ దెబ్బ తిన్నాక వాళ్ళకు పట్టుకున్న బెంగ అది: ఖబర్ తెలిసినవాడు ఒకడు, తెలియాల్సినవాడు ఇంకొకడు అయితే ఏమవుతుందో చూశారు. వాళ్ళు కాంగ్రెస్ చేత చట్టం చేయించుకున్నారు. తమాషా ఏమిటంటే, ఆ ట్రూమనే మొదట్లో తన సొంత మండలి సమావేశాలకు చాలావాటికి వెళ్ళలేదు. తన అధికారాన్ని కమిటీ తినేస్తుందేమోనని అనుమానం. 1950లో కొరియా యుద్ధం మొదలయ్యాకే క్రమం తప్పకుండా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు.

మన దగ్గర ఇస్మే నక్షాకు మొదటి ఇమ్తిహాన్ వెంటనే వచ్చింది. జునాగఢ్ గొడవ మధ్య 1947 సెప్టెంబరు చివర రక్షణ కమిటీ ఏర్పడింది. దానికి అధ్యక్షుడు నెహ్రూ కాదు, గవర్నర్ జనరల్ మౌంట్‌బాటన్! ఆజాద్ దేశపు రక్షణ కమిటీకి నిన్నటి వైస్రాయ్ సదర్. అక్టోబరు 25న ఆ కమిటీ కూర్చుని కశ్మీర్ ఖబర్లు విన్నది. వి.పి. మీనన్‌ను శ్రీనగర్ పంపింది. 26న మళ్ళీ కూర్చుంది. 27 తెల్లవారేసరికి సిక్కు రెజిమెంటు సిపాయిలతో డకోటా విమానాలు లేచాయి. ఇటు ఫౌజుకు అధిపతి అంగ్రేజు, అటు ఫౌజుకు అధిపతీ అంగ్రేజే. అలాంటి రోజుల్లో ఇంత త్వరగా ఒక ఫైసలా జరగడానికి ఆ బల్ల ఉపయోగపడింది. ఇది ఒప్పుకోవాలి.

1948లో హైదరాబాద్ ఫైలు తిరిగిందీ ఆ బల్ల మీదే. అప్పటికి మౌంట్‌బాటన్ వెళ్ళిపోయాడు. పటేల్ త్వరగా తేల్చేయాలన్నాడు. నెహ్రూ చాలాకాలం వెనకాడాడు. ఫౌజుల అధిపతి రాయ్ బుచర్‌కు తన భయాలు తనకున్నాయి, బొంబాయి మీద విమానదాడి జరిగితే ఎలాగన్నది అందులో ఒకటి. సెప్టెంబరు 13న జనరల్ గొడార్డ్ పేరు మీద ఉన్న ప్లాన్ ప్రకారం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఫౌజు కదిలింది. 17న నిజాం లొంగాడు. ఐదు రోజులు. ఫౌజీ లెక్కలో ఇది సాఫ్‌గా జరిగిన పని.

మా నానీ పుట్టిల్లు బీదర్. అప్పుడు ఆమెకు పన్నెండేళ్ళు. మా ఇంట్లో ఆ రోజులకు రెండు పేర్లుండేవి. అబ్బా ‘పోలీస్ యాక్షన్’ అనేవారు, నానీ వైపు పెద్దలు ‘సుకూతె హైదరాబాద్’, అంటే హైదరాబాద్ పతనం అనేవారు. నానీ ఏ పేరూ వాడేది కాదు. ‘ఆ బక్రీద్ ముందు’ అనేది. ఆమెకు ఒక్కటే సవాల్ ఉండేది. ఫౌజు వచ్చింది సరే, నిజాం లొంగిపోయాడు సరే, మరి ఆ తర్వాత ఊళ్ళల్లో జరిగింది ‘కౌన్ బోలా?’ ఎవరు చెప్పారు, ఎవరు చెప్పకుండా ఊరుకున్నారు? రజాకార్లు అంతకుముందు హిందూ ఊళ్ళ మీద చేసిన జుల్మ్ ఆమెకు తెలుసు, దాచేది కాదు. ‘వాళ్ళు చేశారు, మేం మోశాం’ అనేది.

నెహ్రూ ఆ ఏడాది చివర పండిట్ సుందర్‌లాల్, ‘పయామ్’ సంపాదకుడు ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను హైదరాబాద్ పంపాడు. వాళ్ళు తిరిగి చూసి రాసిన రిపోర్టులో, బాగా తగ్గించి వేసిన అంచనాగా, చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల మంది. అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. సర్కార్ ఆ రిపోర్టును అచ్చు వేయలేదు. దీని సంగతి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు 1962. ఈ కథలో నాకు ఎక్కువ నిద్ర చెడగొట్టే భాగం ఇది. అప్పటికి ఇస్మే కమిటీలన్నీ కాగితం మీద సలామత్‌గానే ఉన్నాయి. ఎవరూ వాటిని రద్దు చేయలేదు. కానీ అసలు మష్వరా వేరే గదుల్లోకి జారిపోయింది. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌కు, సైన్యాధిపతి తిమ్మయ్యకు పడక, 1959లో తిమ్మయ్య ఇస్తీఫా ఇచ్చి, నెహ్రూ మాట మీద వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత ఎదురు చెప్పే ఫౌజీకి ఏం మర్యాద దక్కుతుందో అందరికీ అర్థమైంది. 1961 నవంబరు 2న ప్రధాని దగ్గర ఒక చిన్న సమావేశం జరిగింది. చైనా సరిహద్దులో వీలైనంత ముందుకు వెళ్ళి చౌకీలు పెట్టాలన్న విధానం అక్కడ తేలింది. మనం చౌకీ పెడితే చీనీలు కాల్చరు అన్నది ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతి మల్లిక్ నమ్మకం. ఖబర్ తెచ్చేవాడే దాని తూకమూ చెప్పి, చేయాల్సిన పనీ చెప్తే ఇంకెవరు ప్రశ్నిస్తారు? ఉమ్మడి గూఢచారి కమిటీ అని ఒకటి ఉండేది ఇందుకే. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1962 సెప్టెంబరు 8న చీనీ సిపాయిలు థాగ్ లా కొండ దిగి మన ధోలా చౌకీ దగ్గరికి వచ్చారు. నెహ్రూ లండన్ వెళ్ళాడు, కామన్‌వెల్త్ సమావేశానికి. కృష్ణ మీనన్ న్యూయార్క్ వెళ్ళాడు, ఐక్యరాజ్యసమితికి. సెప్టెంబరు 22న ఢిల్లీలో రక్షణ శాఖ సమావేశం జరిగితే సదర్ కుర్సీలో ఉన్నది మన కొత్త రఘురామయ్య, గుంటూరు ఎంపీ, మీనన్ కింద చిన్న మంత్రి. అంతకుముందు నుంచీ నడుస్తున్న మాట, చీనీలను తరిమేయాలని. సైన్యాధిపతి థాపర్‌కు అది జరిగే పని కాదన్న భయం ఉంది. లడాఖ్‌లో వాళ్ళు జవాబిస్తే ఎలా అన్నాడు. విదేశాంగ కార్యదర్శి, ఒకటి రెండు చౌకీలు పోతాయేమో, అంతకుమించి జరగదన్నాడు. థాపర్ కాదనలేకపోయాడు. ఒక్కటే అడిగాడు: నాకు లిఖితపూర్వకంగా హుకుం ఇవ్వండి.

ఇచ్చారు. కొద్ది లైన్ల కాగజ్. సైన్యం సిద్ధమవగానే కామెంగ్ డివిజన్ నుంచి చీనీలను వెళ్ళగొట్టాలని. దాని మీద దస్తఖత్ ప్రధానిది కాదు, రక్షణ మంత్రిది కాదు, గుంటూరు ఎంపీది కూడా కాదు. హెచ్.సి. సరీన్ అనే జాయింట్ సెక్రటరీది.

జర్నలిస్టుగా చాలా జీవోలు చూశాను. జాయింట్ సెక్రటరీ సంతకం కొత్త కాదు. కానీ ప్రపంచంలో అతిపెద్ద దేశాల్లో ఒకదాని మీద ఫౌజును నడపమన్న హుకుం కింద ఆ సంతకం చూస్తే వెన్ను జలదరిస్తుంది. రఘురామయ్య మీద నాకు కోపం లేదు, పెద్దలు లేని ఇంట్లో చిన్నవాణ్ణి కూర్చోబెట్టారు. థాపర్ కాగజ్ అడిగింది తన నమ్మకం కోసం కాదు, రేపు పూచీ కోసం. సరీన్ రాసింది అంతకుముందు పెద్దలు నోటితో అన్న మాటలను. ప్రతివాడూ ఒక మెట్టు కిందికి చేతులు మార్చాడు. చివరికి ఆ కాగజ్ నమ్‌కా చూ వాగు ఒడ్డున, చాలినన్ని చలికోట్లు లేని, చాలినన్ని తోపులు లేని 7వ బ్రిగేడ్ దాకా చేరింది. అక్టోబరు 20 తెల్లవారుజామున చీనీ ఫౌజు దాని మీద పడింది. బ్రిగేడియర్ దాల్వీ ఖైదీ అయ్యాడు. నెల తిరిగేసరికి, నవంబరు 21న, చైనా తనంతట తానే కాల్పులు ఆపింది. అందాకా మన యుద్ధ విమానాలు ఒక్కటీ దాడికి లేవలేదు. వైమానిక దళం ఆ జంగ్‌లో ఏం చేయగలదో కలిసి కూర్చుని తేల్చుకున్న దాఖలా లేదు.

1965లో సైన్యాధిపతి మనకు తెలిసినవాడే, ఆ జె.ఎన్. చౌధురి. మందుగుండు చాలావరకు అయిపోయిందని ప్రధానికి చెప్పాడు, కాల్పుల విరమణకు ఒప్పుకున్నారు. చాలాభాగం మిగిలే ఉందని తర్వాత తేలింది. 1971 మాత్రం వేరు. ఇందిర, హక్సర్, డి.పి. ధర్, 1968లో పుట్టిన ‘రా’ అధిపతి కావ్, మానెక్‌షా. మండలి లేదు, ముషీర్ అన్న హోదా లేదు. కానీ ఒకరి గదిలోకి ఒకరు వెళ్ళేవాళ్ళు, ఎదురు చెప్పేవాళ్ళు, విన్నారు కూడా. అందుకే చాలామంది అంటారు, మంచి మనుషులుంటే చాలు, మండళ్ళు ఎందుకని. నాకు ఆ దలీల్ సగమే నచ్చుతుంది. ఆ ఐదుగురు లేచి వెళ్ళిపోయాక ఆ గదిలో ఏం మిగిలింది?

1990 ఆగస్టులో వి.పి. సింగ్ సర్కార్ జాతీయ భద్రతా మండలిని ప్రకటించింది. అది ఒక్కసారి సమావేశమైంది. ఒక్కసారి! సర్కార్ పోయింది, దాంతోపాటు మండలీ పోయింది. తర్వాత వచ్చిన మన పి.వి. నరసింహారావు దాన్ని లేపలేదు. ఆయన 1993 తర్వాత రక్షణ శాఖను కూడా తన దగ్గరే పెట్టుకున్నారు. మష్వరా అంతా ఒకే తలలో జరిగేదన్నమాట. ఆ తల మామూలు తల కాదు, నిజమే.

1998 మేలో పోఖ్రాన్ పేలుళ్ళు. చేతిలో అణుబాంబు ఉన్నాక మష్వరా గది లేకుండా కుదరదని వాజపేయి సర్కార్ కె.సి. పంత్ బృందం సూచనల మీద ఆ నవంబరులో మండలిని మళ్ళీ పుట్టించింది. బ్రజేష్ మిశ్రా మొదటి ముషీర్. ప్రధాని ప్రిన్సిపల్ సెక్రటరీ కూడా ఆయనే. రెండు కుర్సీలు, ఒక మనిషి.

సరిగ్గా అంతకు నెల ముందు సరహద్దు అవతల ఇదే మాట ఒకరి నౌకరీ తీసింది. పాకిస్తాన్ సైన్యాధిపతి జహంగీర్ కరామత్ ఒక ఉపన్యాసంలో, మనకూ ఖౌమీ సలామతీ కౌన్సిల్ కావాలన్నాడు. ఫౌజు సర్కార్‌లో కుర్సీ అడుగుతోందని నవాజ్ షరీఫ్ మండిపడ్డాడు. ఆయన అనుమానం ఊరికే రాలేదు. అక్కడ ఈ మండలి అన్న మాట జియా కాలం నుంచీ ఫౌజు కుర్సీకి పరదాగానే వస్తోంది. కరామత్ ఇస్తీఫా ఇచ్చాడు. ఆయన జాగాలోకి ముషర్రఫ్ వచ్చాడు. ముషర్రఫ్, ఇంకో ముగ్గురు జనరళ్ళు కలిసి, తమ సొంత వైమానిక దళాధిపతికి, నౌకాదళాధిపతికి కూడా ముందు చెప్పకుండా కార్గిల్ కొండలెక్కించారు. ఇక 2004లో చట్టం చేసి కౌన్సిల్ పెట్టింది ఎవరనుకున్నారు? ముషర్రఫే.

ఇటు మనవాళ్ళకు 1999 మే దాకా తెలియలేదు. ఖబర్లు లేక కాదు. ఒక ముక్క ఒక ఏజెన్సీ దగ్గర, ఒక ముక్క ఇంకో దాని దగ్గర. కలిపి కుట్టినవాడు లేడు. 500కు పైగా సిపాయిలు ఆ కొండల మీద పోయారు. జంగ్ ముగిసిన మూడో రోజే, జూలై 29న, కె. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో సమీక్ష కమిటీ వేశారు. ఆయన డెబ్బైల్లో ఉమ్మడి గూఢచారి కమిటీకే అధ్యక్షుడిగా పనిచేసినవాడు, ఆ కుర్సీకి ఎంత విలువిచ్చారో తనకు తెలుసు. ఆ రిపోర్టులో ఒక సంగతి చదివి నేను లేచి కూర్చున్నాను: 52 ఏళ్ళ కిందట ఇస్మే గీసి ఇచ్చిన చట్రం దాదాపు అలాగే ఉందట. 1962 చూసి మారలేదు, 1965 చూసి మారలేదు. గెలిచిన 1971 కూడా మార్చలేదు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్తాను. ముషీర్‌కు ఇంకో నౌకరీ ఉండకూడదని కమిటీ చెప్పింది, అది 2004లో జె.ఎన్. దీక్షిత్ వచ్చాకే జరిగింది. మూడు దళాలకు కలిపి ఒక అధిపతి ఉండాలని 2001లో అద్వానీ మంత్రుల బృందం రాసింది. ఆ కుర్సీలో బిపిన్ రావత్ 2020 జనవరి 1న కూర్చున్నాడు. 2018లో కార్యదర్శుల స్థాయి వ్యూహ బృందానికి క్యాబినెట్ సెక్రటరీని దించి ముషీర్‌ను సదర్ చేశారు, మరుసటి ఏడాది ఆయనకు క్యాబినెట్ హోదా ఇచ్చారు. ఒకప్పుడు గది ఖాళీగా ఉండేదని ఫిర్యాదు. ఇప్పుడు గదిలో ఒక్క కుర్సీ మరీ పెద్దదైందేమో అన్నది నా అనుమానం. ముషీర్ పని పదిమంది మాటలూ ప్రధాని ముందు పెట్టడం. హుకుం అమలూ ఆయన చేతిలోనే ఉంటే, ఎదురు మాట మోసేదెవరు?

ఇంకొకటి. అమెరికాలో మండలి చట్టంతో పుట్టింది. మన మండలి ప్రభుత్వ తీర్మానంతో పుట్టింది, పార్లమెంటు చట్టంతో కాదు. కాబట్టి అది పార్లమెంటుకు నేరుగా జవాబ్‌దార్ కాదు. సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్లో, అంటే అడిగినా చెప్పనక్కర్లేని సంస్థల జాబితాలో, దాని సచివాలయం ఉంది. గూఢచారుల పేర్లు అడగడం లేదు నేను. యాభై ఏళ్ళు దాటిన కాగితాలైనా చూపించమంటున్నాను. హాంకీ మినిట్స్‌ను ఇవాళ లండన్‌లో ఎవరైనా వెళ్ళి చదువుకోవచ్చు.

1962 మీద హెండర్సన్ బ్రూక్స్, భగత్ రాసిన రిపోర్టును సర్కార్ ఈ రోజుకూ విడుదల చేయలేదు. దాని ఒక భాగాన్ని 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ జర్నలిస్టు ఇంటర్నెట్‌లో పెడితే చదివాం. కార్గిల్ రిపోర్టు బయటికొచ్చింది గానీ కొన్ని చోట్ల కత్తెర పడి వచ్చింది. సుందర్‌లాల్ రిపోర్టు ఢిల్లీలో నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో మామూలు జనం చూడగలిగేలా ఉందన్న ఖబర్ 2013లో వచ్చింది. నేను దాని నకలు సంపాదించి బీదర్ పేజీ ముందు తీశాను. నానీకి చదివి వినిపిద్దామంటే, ఆమె 2009లోనే పోయింది.